సైనిక పతకాలు: సేకరణ, గుర్తింపు

యుద్ధంలో పాల్గొన్నందుకో, సాహసం చూపినందుకో, ఏళ్ల తరబడి మచ్చ లేకుండా కొలువు చేసినందుకో రాజ్యం తన సైనికుడికి ఇచ్చే లోహపు బిళ్ల సైనిక పతకం. పాత పతకాలను వెతికి కూర్చి, అవి ఏ కాలానివో, ఏ యుద్ధానివో, ఎవరివో తేల్చే విద్యకు ఫేలరిస్టిక్స్ అని పేరు. రోమన్ సైనికులు ఛాతీ మీద తగిలించుకున్న ఫలేరా అనే బిళ్లల నుంచి ఆ పేరు వచ్చింది. ఈ విద్య నాణేల శాస్త్రానికి దగ్గరి చుట్టమే. కానీ నాణెం చేతులు మారడానికే పుడుతుంది, పతకం ఒక్క మనిషి కోసం పుడుతుంది. నాణేలు కూర్చేవారు బొమ్మాబొరుసూ చూస్తారు. పతకాలు కూర్చేవారు ముందుగా అంచు చూస్తారు, ఎందుకంటే చాలా పతకాలకు మనిషి పేరు ఉండేది అక్కడే.

ఈ వ్యాసం ప్రధానంగా ఈస్టిండియా కంపెనీ కాలం నుంచి స్వతంత్ర భారతం దాకా మన సైనికులు అందుకున్న పతకాల గురించి చెబుతుంది. పోలిక కోసం ఇతర దేశాల పతకాలను క్లుప్తంగా ప్రస్తావిస్తుంది.

పదజాలం

వాడుకలో అన్నిటినీ పతకాలనే అంటాం గానీ వీటిలో స్థూలంగా మూడు రకాలున్నాయి. మొదటిది ఆర్డర్. ఇది ఒక గౌరవ కూటమిలో సభ్యత్వం లాంటిది. దీనికి తరగతులుంటాయి, సభ్యత్వానికి గుర్తుగా నక్షత్రం, బ్యాడ్జి ఇస్తారు. నెపోలియన్ 1802లో స్థాపించిన లీజియన్ ఆఫ్ ఆనర్, విక్టోరియా రాణి 1861లో స్థాపించిన స్టార్ ఆఫ్ ఇండియా ఈ కోవలోవి. రెండోది సాహస పురస్కారం. విక్టోరియా క్రాస్, పరమవీర చక్ర ఇటువంటివి. మూడోది సేవా పతకం. ఒక దండయాత్రలో పాల్గొన్న అందరికీ, లేదా నిర్ణీత కాలం కొలువు పూర్తిచేసిన వారికి దీన్ని ఇస్తారు. సేకర్తల చేతికి ఎక్కువగా వచ్చేవి ఈ మూడో రకం పతకాలే.

పతకంలో భాగాలకూ పేర్లున్నాయి. రాజు తల ఉండేది బొమ్మ వైపు, చిత్రమో రాతో ఉండేది వెనక వైపు. బిళ్లను రిబ్బనుకు కలిపే కడ్డీ సస్పెండరు. రిబ్బను మీద అడ్డంగా తగిలించే సన్నని లోహపు పట్టీ క్లాస్పు; పాల్గొన్న యుద్ధం పేరు, సంవత్సరం దాని మీద ఉంటాయి. బిళ్ల చుట్టూ ఉండే మందం అంచు.

కంపెనీ కాలం

వీరుణ్ణి ఒంటిమీది ఆభరణంతో గౌరవించడం మనకు కొత్త కాదు. వీరుల కాలికీ, పండితుల కాలికీ గండపెండేరం తొడిగిన సంప్రదాయం తెలుగువారికి తెలిసిందే. అయితే ఒక యుద్ధంలో పాల్గొన్న సిపాయిలందరికీ ఒకే అచ్చుతో తయారైన పతకం ఇవ్వడం మన దేశంలో ఈస్టిండియా కంపెనీతో స్థిరపడింది. మొదటి మరాఠా యుద్ధ కాలపు సేవకు 1784లో మంజూరైన దక్కన్ పతకం వీటిలో తొలి మెట్టు. తర్వాత 1790–92 మైసూరు యుద్ధానికి పతకం వచ్చింది.

అన్నిటికన్నా పేరు పొందింది 1799 శ్రీరంగపట్నం పతకం. ఒక వైపు పులిని అణచిపట్టిన సింహం. పులి టిప్పు సుల్తాను చిహ్నం, సింహం బ్రిటిష్ చిహ్నం. పైనున్న జెండాలో దేవుని సింహమే విజేత అనే అర్థం వచ్చే అరబీ వాక్యం ఉంటుంది. రెండో వైపు కోట ముట్టడి దృశ్యం, కింద పారశీ రాత. బర్మింగ్‌హామ్‌లోని సోహో టంకశాలలో శిల్పి కుక్లర్ దీనికి అచ్చు చెక్కాడు. బంగారం, బంగారు పూత వెండి, వెండి, కంచు, తగరం అని హోదాను బట్టి లోహం మారింది. సిపాయికి దక్కింది తగరం. సోహో పతకం వ్యాసం 48 మిల్లీమీటర్లు. కలకత్తాలో తయారైనది 45 మిల్లీమీటర్లు. కొలబద్ద పెడితే చాలు, ఏది ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. టిప్పుతో జరిగిన ఈ యుద్ధంలో హైదరాబాదు నిజాం సేన కూడా కంపెనీ పక్షాన నిలిచింది.

అంచు మీద పేరు అచ్చువేసి, హోదాతో సంబంధం లేకుండా అందరికీ ఒకే లోహంలో ఇచ్చిన తొలి బ్రిటిష్ పతకం 1815 వాటర్లూ యుద్ధానిది. ఆ పద్ధతి మెల్లగా ఇక్కడికీ వచ్చింది. 1803–1826 మధ్య జరిగిన యుద్ధాల కోసం 1851లో ఆర్మీ ఆఫ్ ఇండియా పతకం మంజూరైంది. దీనికి అస్సాయీ, అర్గాం, కోరేగాం, నాగపూర్, ఆవా వంటి పేర్లతో 21 క్లాస్పులున్నాయి. బతికి ఉండి దరఖాస్తు పెట్టుకున్నవారికే ఇచ్చారు. అస్సాయీ యుద్ధం జరిగింది 1803లో. దాదాపు అరశతాబ్దం ఆగి అందుకోవలసిన పతకం కనుక దొరికేవి తక్కువ.

భారతీయ సైనికుల కోసం కంపెనీ 1837లో రెండు గౌరవాలు ఏర్పరచింది. ఒకటి ఆర్డర్ ఆఫ్ మెరిట్. యుద్ధరంగంలో సాహసానికి ఇచ్చే ఈ గౌరవం విక్టోరియా క్రాస్ కన్నా 19 ఏళ్లు పెద్దది. మూడు తరగతులు, మూడో తరగతి దక్కితే జీతం మీద మూడో వంతు అదనం, రెండో తరగతికి మూడింట రెండు వంతులు, మొదటి తరగతికి జీతం రెట్టింపు. రెండోది ఆర్డర్ ఆఫ్ బ్రిటిష్ ఇండియా. నమ్మకంగా దీర్ఘకాలం పనిచేసిన భారతీయ అధికారులకు ఇచ్చేవారు. మొదటి తరగతి పొందినవారు సర్దార్ బహద్దూర్, రెండో తరగతి పొందినవారు బహద్దూర్ అని పేరు పక్కన రాసుకునేవారు. దీని రిబ్బను మొదట లేత నీలం. తలనూనె మరకలు పడుతున్నాయని ముదురు ఎరుపుకు మార్చారని చెబుతారు.

బ్రిటిష్ రాజ్యం కింద

1857 తిరుగుబాటు అణచివేతకు ఇచ్చిన పతకానికి ఢిల్లీ, లక్నో ముట్టడులు, మధ్య భారతం పేర్లతో అయిదు క్లాస్పులున్నాయి. సరిహద్దుల్లో ఎడతెగకుండా సాగిన చిన్న యుద్ధాలకు ఒక్కోదానికీ కొత్త పతకం తయారుచేయడం మాని, ఒకే పతకం మీద కొత్త క్లాస్పు తగిలించే పద్ధతి పెట్టారు. అదే 1854 ఇండియా జనరల్ సర్వీస్ పతకం. మొదటి క్లాస్పు పెగూ. మొత్తం 24 క్లాస్పులు. వెనక వైపు కూర్చున్న వీరుడికి కిరీటం పెడుతున్న రెక్కల విజయదేవత ఉంటుంది. దీని తర్వాత వచ్చిన 1895 ఇండియా పతకం మీద ఒక బ్రిటిష్ సైనికుడు, ఒక భారతీయ సైనికుడు ఒకే జెండాను పట్టుకొని కనిపిస్తారు. 1908 పతకం మీద జమ్రూద్ కోట, 1936 పతకం మీద పులి ఉంటాయి. వెనక చిత్రం గుర్తుంటే చాలు, ఈ నాలుగింటినీ దూరం నుంచే వేరుచేయవచ్చు.

వీటిలో సేకర్త ప్రత్యేకంగా చూడవలసినవి కంచు ప్రతులు. సైనికుడికి వెండి ఇచ్చిన యుద్ధాల్లో డోలీ మోసినవారికి, నీళ్లు మోసిన భిస్తీలకు, కంచరగాడిదలు తోలినవారికి, వంటవారికి, పాకీవారికి అదే పతకం కంచులో ఇచ్చారు. అంచు మీద బేరర్, భిస్తీ, కుక్ వంటి మాటల పక్కన ఆ మనిషి పేరు ఉంటుంది. సైన్యం చరిత్రల్లో వీరి ప్రస్తావన అరుదు. వీరిలో చాలామంది పేర్లను మన దాకా మోసుకొచ్చింది ఆ కంచు అంచే. వెండి కాదని పక్కన పడేసే ఈ బిళ్లలే చరిత్రకు ఎక్కువ చెబుతాయి.

1907లో ఇండియన్ డిస్టింగ్విష్డ్ సర్వీస్ మెడల్ వచ్చింది. 1911లో భారతీయులకు విక్టోరియా క్రాస్ అర్హత లభించింది. దాన్ని పొందిన తొలి భారతీయ సైనికుడు 129వ బలూచీ రెజిమెంటుకు చెందిన ఖుదాదాద్ ఖాన్. 1914 అక్టోబరు 31న బెల్జియంలోని హొల్లెబెకె దగ్గర తోటివారందరూ నేలకొరిగినా ఆయన మెషిన్‌గన్ వదలలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం నుంచి మన ఇళ్లకు చేరినవి ముఖ్యంగా మూడు: 1914 లేదా 1914–15 నక్షత్రం, వెండి బ్రిటిష్ వార్ మెడల్, ఇంద్రధనుస్సు రంగుల రిబ్బనుతో విక్టరీ మెడల్. నక్షత్రం మీద పేరు వెనక వైపు, మిగతా రెంటి మీద అంచున ఉంటుంది. శ్రామిక దళాల వారికి వార్ మెడల్ కంచులో ఇచ్చారు. రెండో ప్రపంచ యుద్ధపు ఆరు మొనల నక్షత్రాలను బ్రిటన్ తన సైనికులకు పేరు లేకుండానే పంచింది. పేరు లేని నక్షత్రం ఫలానావారిదని ఎవరైనా చెబితే, వెంట కాగితం ఉంటేనే నమ్మాలి.

స్వతంత్ర భారతం

రాజ్యాంగం 18వ అధికరణం బిరుదులను రద్దుచేస్తూనే సైనిక, విద్యా గౌరవాలను మినహాయించింది. 1950 జనవరి 26న పరమవీర చక్ర, మహావీర చక్ర, వీరచక్ర ఏర్పడ్డాయి. 1947 ఆగస్టు 15 నుంచి వర్తించేలా వాటిని ప్రకటించారు. పరమవీర చక్రకు రూపం ఇచ్చింది ఐరోపాలో పుట్టి, భారతీయ సైనికాధికారిని పెళ్లాడి, మన పురాణాలను లోతుగా చదువుకున్న సావిత్రి ఖానోల్కర్. దధీచి వెన్నెముకతో చేసిన ఇంద్రుడి వజ్రాయుధం నాలుగు దిక్కులా, మధ్యలో జాతీయ చిహ్నం, వెనక తామరపూలు. బిళ్ల కంచు, రిబ్బను ఊదా. ఇప్పటివరకు 21 మందికి దక్కింది, వారిలో 14 మందికి మరణానంతరం. మహావీర చక్రది సగం తెలుపు, సగం కాషాయం రిబ్బను. వీరచక్రది సగం ముదురు నీలం, సగం కాషాయం. శత్రువు ఎదుట కాక ఇతర సందర్భాల్లో చూపిన సాహసానికి 1952లో మూడు తరగతుల అశోకచక్ర వచ్చింది. 1967లో ఆ తరగతులకు అశోకచక్ర, కీర్తిచక్ర, శౌర్యచక్ర అని పేర్లు పెట్టారు.

సేవా పతకాల్లో 1947 స్వాతంత్ర్య పతకం, జమ్మూకాశ్మీర్ క్లాస్పుతో 1947 జనరల్ సర్వీస్ మెడల్, 1965 యుద్ధపు సమర సేవా నక్షత్రం, రక్షా పతకం, 1971 యుద్ధపు పూర్వీ నక్షత్రం, పశ్చిమీ నక్షత్రం, సంగ్రామ పతకం మాజీ సైనికుల ఇళ్లలో తరచు కనిపిస్తాయి.

గుర్తించే పద్ధతి

తెలియని పతకం చేతికొస్తే వరసగా చూసుకుంటూ పోవాలి. మొదట రాజు తల. విక్టోరియా అయితే 1901 లోపు, ఏడవ ఎడ్వర్డ్ 1901–10, అయిదవ జార్జి 1910–36, ఆరవ జార్జి 1936 తర్వాత. చుట్టూ ఉన్న రాత కూడా కాలం చెబుతుంది. ఇండియన్ డిస్టింగ్విష్డ్ సర్వీస్ మెడల్ మీద అయిదవ జార్జి తల చుట్టూ కైసర్ ఇ హింద్ అని ఉంటే అది తొలి అచ్చు, చక్రవర్తి అని లాటిన్‌లో ఉంటే 1930 తర్వాతి అచ్చు. తర్వాత వెనక చిత్రం, లోహం, వ్యాసం. ఈ కోవ పతకాల వ్యాసం సాధారణంగా 36 మిల్లీమీటర్లు, రిబ్బను వెడల్పు 32. రిబ్బను రంగు సాయపడుతుంది గానీ సాక్ష్యం కాదు. చిరిగినప్పుడు ఏదో ఒక రిబ్బను కట్టుకునేవారు.

అసలు పని అంచు దగ్గర మొదలవుతుంది. నంబరు, హోదా, పేరు, దళం పొట్టి అక్షరాల్లో ఉంటాయి. దళం పేరే అన్నిటికన్నా మంచి గడియారం, ఎందుకంటే భారత సైన్యం తన దళాల పేర్లను మళ్లీ మళ్లీ మార్చింది. 1903లో సర్వసేనాని కిచెనర్ సంస్కరణల్లో మద్రాసు పదాతి దళాల పాత సంఖ్యలకు 60 కలిపారు. మొదటి మద్రాస్ పయనీర్స్ 61వ పయనీర్స్ అయింది. అందుకే 1885–87 బర్మా క్లాస్పు ఉన్న పతకం అంచు మీద 61వ పయనీర్స్ అని కనిపిస్తే వెంటనే అనుమానించాలి. ఆ పేరు పుట్టింది 16 ఏళ్ల తర్వాత. పాత పేరు చెరిపి కొత్తది చెక్కారా, పోయిన పతకానికి బదులుగా తర్వాత ఇచ్చారా అన్నది తేల్చుకోవాలి.

పేరు చదివాక దాన్ని జాబితాతో పోల్చాలి. బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ కాగితాల్లో, లండన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో పతకాల జాబితాలున్నాయి. సాహస పురస్కారాలను గెజిట్‌లలో ప్రకటించారు. రెండు ప్రపంచ యుద్ధాల్లో మరణించినవారి పేర్లు కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాల్లో దొరుకుతాయి. తెలుగు పేర్లతో ఒక చిక్కుంది. గుమాస్తాలు చెవికి వినబడినట్టు ఇంగ్లీషులో రాసుకున్నారు. లక్ష్మయ్య లచ్మయ్య అయ్యాడు, వెంకటస్వామి వెంకటసామి అయ్యాడు. ఇంటిపేరు లేకపోవచ్చు. ఒక్కో పేరును నాలుగయిదు రకాలుగా రాసుకొని వెతకాలి.

నకిలీలు, మార్పులు

అసలు పతకాలను ఎక్కువగా ఉక్కు అచ్చుతో కొట్టి తయారుచేస్తారు. గీతలు పదునుగా, నేల నున్నగా ఉంటాయి. నకిలీని సాధారణంగా అసలు పతకం నుంచి మూస తీసి పోస్తారు. లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి వ్యాసం కాస్త తగ్గుతుంది. భూతద్దంలో సూదిమొన గుంటలు, మొద్దుబారిన కనుముక్కు తీరు, అంచున ఆకురాయి గీతలు కనిపిస్తాయి. కాలిపర్, చిన్న తక్కెడ, పది రెట్లు పెద్దది చేసే భూతద్దం ఈ మూడూ ఉంటే చాలా మోసాలు బయటపడతాయి.

అసలు పతకం మీదే చేసే మోసం ఇంకా కష్టపెడుతుంది. మామూలు పేరును అరగదీసి ప్రసిద్ధ యుద్ధంలో ఉన్నవారి పేరు చెక్కుతారు. అరగదీసిన చోట అంచు పల్చబడుతుంది, చుట్టూ కొలిస్తే వ్యాసం అన్నివైపులా ఒకేలా ఉండదు. అరుదైన క్లాస్పును తెచ్చి తగిలించడం మరో పద్ధతి. రివెట్లు కొత్తగా ఉన్నాయా, ఆ దళం నిజంగా ఆ యుద్ధంలో ఉందా అని చూడాలి. మాజీ సైనికులు తమ పతకాలు పోగొట్టుకొని దర్జీ దగ్గర కొనుక్కున్న ప్రతులు మోసాలు కావు. వాటిని ప్రతులని చెప్పి దాచుకోవడంలో తప్పు లేదు.

ఇతర దేశాల పతకాలకు వేరే గుర్తులున్నాయి. ప్రష్యా రాజు 1813లో స్థాపించిన ఐరన్ క్రాస్ కింది రేకు మీద 1813, 1870, 1914, 1939 అనే సంవత్సరాల్లో ఒకటి ఉండి ఏ యుద్ధపుదో చెబుతుంది. మామూలుగా దాని నడిమి భాగం ఇనుము కాబట్టి అయస్కాంతానికి అంటుకుంటుంది. 1939 క్రాస్ మీద స్వస్తిక ఉంది. 1957లో పశ్చిమ జర్మనీ దాని స్థానంలో ఓక్ ఆకులు పెట్టిన రూపాన్నే ధరించడానికి అనుమతించింది. సోవియట్ ఆర్డర్లలో చాలావాటికి వెనక వరస సంఖ్య ఉంటుంది. అది వెంట ఇచ్చిన పుస్తకంలోని సంఖ్యతో సరిపోవాలి.

తెలుగు నేలతో ముడి

ఉత్తర భారతంలో కంపెనీ సిపాయిని తిలంగా అనేవారు. మద్రాసు తీరం నుంచి క్లైవు వెంట బెంగాలుకు వెళ్లిన సిపాయిలతో తెలుగువారి పేరు సిపాయి అనే అర్థంలోనే స్థిరపడింది. మైసూరు, బర్మా, చైనా యుద్ధాల్లో మద్రాసు సేన ముందుంది. కానీ 1885–93 మధ్య భారత సర్వసేనానిగా ఉన్న రాబర్ట్స్ కాలంలో కొన్ని జాతులే యుద్ధానికి పనికొస్తాయనే యుద్ధ జాతుల సిద్ధాంతం బలపడి, దక్షిణాది దళాలను కుదించారు. ఆ ప్రభావం పతకాల్లోనూ కనిపిస్తుంది. మద్రాసు దళాల పతకాలు పందొమ్మిదో శతాబ్దపు యుద్ధాల్లో మెండుగా ఉంటాయి, తర్వాత పలచబడతాయి, రెండో ప్రపంచ యుద్ధంలో మళ్లీ పెరుగుతాయి. పశ్చిమ గోదావరిలోని మాధవరం రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులను పంపి మిలిటరీ మాధవరమనే పేరు తెచ్చుకుంది.

హైదరాబాదు పేరు కూడా అంచుల మీద ప్రయాణించింది. హైదరాబాదు కంటింజెంటు అనే సేనలోని అశ్వికులు డెక్కన్ హార్స్ అయ్యారు. 1916 జూలై 14న ఫ్రాన్సులోని సోమ్ యుద్ధంలో హై వుడ్ దగ్గర 20వ డెక్కన్ హార్స్ గుర్రాలతో శత్రువు మీదికి దూకింది. కంటింజెంటు పదాతి దళాలు 94వ రసెల్స్ ఇన్‌ఫాంట్రీ వంటి పేర్లు దాటి 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంటుగా, 1945లో కుమావూన్ రెజిమెంటుగా మారాయి. తొలి పరమవీర చక్ర అందుకున్న మేజర్ సోమనాథ్ శర్మ సైన్యంలో చేరింది హైదరాబాద్ రెజిమెంటులో. 1947 నవంబరు 3న బడ్గాం దగ్గర ప్రాణమిచ్చింది 4వ కుమావూన్‌లో. నిజాం సంస్థానపు హైదరాబాద్ లాన్సర్లు పాలస్తీనా రంగంలో పనిచేశారు. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గరి మూడు విగ్రహాల్లో ఒకటి వారిది. మన కాలంలో గల్వాన్‌లో 2020 జూన్‌లో మరణించిన సూర్యాపేట వాసి కల్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబుకు మహావీర చక్ర లభించింది.

భద్రపరచడం, బాధ్యత

పతకాన్ని తోమకూడదు. పండగకు వెండి సామాన్లను చింతపండుతోనో విభూతితోనో తోమినట్టు తోమితే రాజు తలతో పాటు అంచు అక్షరాలూ అరుగుతాయి. నల్లబడిన పొర లోహానికి కవచం. మెత్తని పొడి గుడ్డతో దుమ్ము తుడిచి, ఆమ్లం లేని కాగితంలో చుట్టి, తేమ పీల్చే సిలికా పొట్లంతో పెట్టెలో ఉంచాలి. మెత్తటి పీవీసీ కవర్లు కాలక్రమంలో జిగురుగా మారి లోహాన్ని తింటాయి. ఒక సైనికుడి పతకాల వరసను విడదీయకూడదు. ఆ వరసే ఆయన జీవితచరిత్ర.

నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువులు 1972 పురావస్తు, కళానిధుల చట్టం కిందికి వస్తాయి. వాటిని వ్యక్తులు దేశం దాటించకూడదు. ఇతరుల పతకాలు పెట్టుకొని సైనికుడినని నమ్మించడం నేరం. అమెరికాలో మెడల్ ఆఫ్ ఆనర్‌ను అమ్మడమే నేరం.

పతకాలకు అన్నిటికన్నా పెద్ద నష్టం కొలిమిలో జరిగింది. బ్రిటిష్ వార్ మెడల్ అసలైన వెండి. 1980 ప్రాంతంలో వెండి ధర ఒక్కసారిగా ఎగసినప్పుడు లెక్కలేనన్ని కరిగిపోయాయి. కరిగిన వెండి మళ్లీ దొరుకుతుంది, దాని మీది పేరు దొరకదు. ఇంట్లో తాత పతకం ఉంటే చేయవలసింది చిన్న పని. అంచును మంచి వెలుతురులో చదివి అక్షరం అక్షరం కాగితం మీద దించాలి, ఫోటో తీయాలి, డిశ్చార్జి కాగితాలుంటే కలిపి ఉంచాలి, ఆయన పూర్తి పేరు, ఊరు ఇంటిపేరుతో సహా తెలుగులో రాసి పెట్టాలి. గుమాస్తా వదిలేసిన ఇంటిపేరును తిరిగి చేర్చగలిగింది ఇంటివాళ్లే.